గెడ్డలో వదిలిన కథ

పీటని గోడ మీంచి దించి, కడిగి, అరుగు మీద ఎండలో ఆరబెట్టాడు భీముడు. సాయంత్రం ఊరిపెద్ద మంగ్లు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి దాన్ని తీసుకుపోతానని కబురంపాడు. పరాయి చెయ్యి తన గోడ మీద పడటం ఇష్టంలేక భీముడు తనే ముందుగా దించేశాడు.

వాకిట్లో చింతపండు పిక్కలు కొట్టి తీస్తున్న చిట్టెమ్మ ఇదంతా చూసింది. చూసి ఊరుకుంటే ఆమె చిట్టెమ్మ ఎందుకవుతుంది?

"ఆళ్ళు రాకముందే తోమి తయారుగా పెట్టీసినావు. కుంకం బొట్టు కూడా ఎట్టి అంపకపోయావా?" అంది మొగుడితో.

భీముడు పీటని రెండో వైపు తిప్పాడు. నోరు కట్టేసుకుని కూర్చోవడం ఆ మనిషికి కొత్త కాదు గాని, ఈసారి మరీ మొండికేశాడు. కూతురు భాను నిన్న మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి వచ్చి జీపు దిగిన దగ్గర్నుంచి ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. కూతురితోనే కాదు, పెళ్ళాంతోనూ అంతే. అంబలి పెడితే తాగాడు, పెట్టకపోతే ఊరుకున్నాడు.

జానెడెత్తు పనస చెక్క పీట అది. ఏటా వేసవి మొదట్లో కొండ మీద చేసుకునే ఇటుకల పండగనాడు దీపాలు పెట్టిన వేళ మొదలుపెట్టి కోడి కూసేదాకా, ఊరంతా చుట్టూ కూర్చుంటే, ఆ పీట మీద కూర్చుని నిప్పుకుండ తల్లి కథ చెప్పే హక్కు భీముడి ఇంటిది. తాత చెప్పాడు, అయ్య చెప్పాడు, ఇప్పుడు ఇతను చెప్తున్నాడు. ఆ కొండ మీద పోడు అందరికీ ఉంది, కాఫీ మొక్కలు అందరికీ ఉన్నాయి. పీట ఒక్క భీముడికే ఉంది. అది పోతే ఇంక అతను ఊళ్ళో తలెత్తుకు తిరగడని, తిన్నా తాగినా బతికినట్టు కాదని చిట్టెమ్మకి తెలుసు. పండగ చూస్తే ఇంకో వారంలోకి వచ్చేసింది.

ఇంతకీ ఈ గొడవ తెచ్చిపెట్టింది కూతురే. మొన్నామధ్య పట్నం కుర్రాళ్ళు గుంపుగా మోటార్ సైకిళ్ళ మీద వచ్చి, అందరూ ఒకే రకం బొమ్మల చొక్కాలు తొడుక్కుని, చెప్పుల కాళ్ళతో తల్లి తోపులోకి జొరబడ్డారు. తోపు పక్కనే పారే కొండవాగు, ఆ గెడ్డలోకి దిగి, ఒక్కొక్కడూ ఒక కాలు పైకెత్తి నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. వాళ్ళకి దారి చూపించింది పెదబయలులో కొట్టు పెట్టుకున్న కృష్ణమూర్తి కొడుకు రాజేష్. తర్వాత పట్టుకుని నిలదీస్తే ఆ కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కంప్యూటర్లో ఆడే పెద్ద ఆట ఒకటి వస్తోందనీ, అందులో ఈ నిప్పుకుండ తల్లే ఉందనీ, ఆ కథ రాస్తున్నది భీముడి కూతురు భానే అనీ.

ఇంకేముంది, ఊరు భగ్గుమంది. ఊళ్ళో అందరిలాగే చిట్టెమ్మ కూడా ఆ పూట కాఫీ తోటలో ఉండి ఆ చొక్కాలూ చూళ్ళేదు, ఆ బొమ్మలూ చూళ్ళేదు. తిట్లు మాత్రం చెవులారా విన్నది.

భాను తల దువ్వుకుని బయటికి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహమే గాని, గొంతులో జంకు లేదు.

"అయ్యా, మంగ్లు తాతతో నేను మాట్లాడతాను."

భీముడు అరుగు ఈ చివర్నుంచి లేచి ఆ చివరికి పోయి కూర్చున్నాడు.

"నేను రాసింది నీకు చదివి వినిపిస్తాను. అందులో తప్పుంటే అప్పుడు తిట్టు. వినకుండానే మొహం తిప్పుకుంటే నేనేమనుకోవాలి?"

"సదవకు," అన్నాడు భీముడు. నిన్నటి నుంచి అదే మొదటి మాట. "పండగ రేత్రి తప్ప ఆ కథ వినకూడదు. పట్టపగలు నా సెవినెయ్యకు."

"వినకుండా నీ తరఫున నువ్వేం చెప్పుకుంటావయ్యా? పెద్దలడిగితే ఏమంటావు?"

భీముడు కత్తి తీసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని కొండ మీదికి పోయాడు. పండగ రాత్రి తప్ప ఆ కథని చెప్పకూడదు, వినకూడదు. ఆ కుర్రాళ్ళ ఆటలో ఉన్న కథ తనదో కాదో తేలాలంటే ముందు దాన్ని వినాలి, తర్వాత తనది చెప్పి పోల్చి చూపించాలి. రెండూ తప్పే. అతను అలా మూగవాడిలా తిరగడంలో ఆ చిక్కుందని చిట్టెమ్మకి తెలుసు గాని, జాలి కన్నా ముందు కోపం వచ్చింది.

"నీకు కళ్ళు సల్లబడ్డాయా?" అంది కూతురితో.

"నన్నెందుకంటావు? నేనేం దొంగతనం చేశానా?"

"మరేటి సేసినావు? అసలేటి సేత్తన్నావే ఆ కంపెనీలో? కంప్యూటర్ ఉద్దోగమన్నావు. కథలు రాసే ఉద్దోగమన్నావు. ఆటకి కథెందుకు? గుంటళ్ళు గోలీలాడితే కథ సెప్పుకుని ఆడతారా?"

భాను తల్లి పక్కనే కూలబడింది. కోపంలో ఉన్నా, తన పని గురించి అడిగితే చెప్పకుండా ఉండలేని పిల్ల.

"ఇది గోలీలాట కాదమ్మా. వేలమంది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఒకేసారి అందులోకి దిగుతారు. ఒకడు వేటగాడు, ఒకడు వైద్యుడు, ఒకడు దొంగ. ఎవడి వేషం వాడిది. అందరూ కలిసి ఒకే కొండల్లో తిరుగుతారు. ఊరికే తిరగమంటే ఎవడు తిరుగుతాడు? ఆ కొండ ఎవరిది, ఆ గెడ్డ దగ్గర ఏం జరిగింది, ఎవరు ఎవర్ని మోసం చేశారు, అవన్నీ తెలిస్తేనే వాడికి అక్కడ అడుగు పెట్టాలనిపిస్తుంది. ఆట వెనకాల ఉండే ఆ పాత కథనే లోర్ అంటారు. నా పని అదే."

"ఆట ఎప్పుడు?"

"వానలు పడ్డాక గాని రాదు. ఆట ఇంకా పుట్టనేలేదు. కథ మాత్రం శుక్రవారం శుక్రవారం కొంచెం కొంచెం బయట పెడుతున్నాం. దానికే పిచ్చెక్కిపోతున్నారు. ఆ తల్లి మంచిదా చెడ్డదా అని రాత్రుళ్ళు కూర్చుని వాదించుకుంటున్నారు. మేం రాయని సంగతులు కూడా వాళ్ళే ఊహించి రాస్తున్నారు. రాజేష్‌తో వచ్చిన వాళ్ళు అలాంటి వాళ్ళే."

చిట్టెమ్మ చేతిలో కొయ్యసుత్తి ఆగింది.

"కొంచెం కొంచెమా?"

"కొంచెమే పెట్టాలి. అంతా ఒక్కసారే చెప్పేస్తే వచ్చేవారం ఎవడొస్తాడు?"

వారం వారం కథని మంచి పట్టులో ఆపి జనాన్ని ఊరించడం పత్రికల వాళ్ళకి మాత్రం తెలియదా, తెలుసు. వాళ్ళని ఎవరూ తప్పు పట్టరు. కాని ఆ కొండ మీద నిప్పుకుండ తల్లి కథ మొదలుపెట్టాక ఆపకూడదు. వాన వస్తే చూరు కిందికి జరిగి చెప్పాలి. చెప్పేవాడి గొంతు పోతే వాడి ఇంటివాడు అందుకోవాలి. మధ్యలో ఆపితే కథలోని మనుషులు ఆ నిమిషాన ఎక్కడుంటే అక్కడ ఇరుక్కుపోతారని, ముందుకీ పోలేరు వెనక్కీ రాలేరని అక్కడి వాళ్ళ భయం.

"ఎక్కడాపినావు?" అంది చిట్టెమ్మ.

"గెడ్డ దగ్గర. ఆమె కుండ పట్టుకుని వస్తుంది కదా. అవతలి ఒడ్డున అన్నలు నిలబడి ఉంటారు. మధ్యలో దుంగ వేసి ఉంటుంది. దుంగ మీద అడుగెయ్యడానికి ఆమె కాలెత్తుతుంది. అక్కడ."

"ఎప్పుడాపినావు?"

"చలికాలంలో."

"సలికాలం నుంచీ ఆ తల్లి కాలెత్తుకునే ఉన్నాదేటి?"

భాను తలొంచుకుంది. కాని ఆ తలొంచుకోవడంలో కూడా కొంచెం గర్వం కనిపించి చిట్టెమ్మకి ఒళ్ళు మండింది.

"తర్వాత పక్క కథలు పెడుతూ వచ్చాం. కుండ ఎవరు చేశారు, అన్నలు ఎలాంటివాళ్ళు, అలాంటివి. ఆమె ఆ కాలు ఎక్కడ దించుతుందనేదే అందరి గొడవ. మా సార్ అంటాడు, ఆ ఎత్తిన కాలే మన ఆటని నిలబెడుతుందని."

"నిలబెట్టినాది మీ ఆటని కాదే, తల్లిని. ఒంటికాలి మీద."

"అమ్మా, నువ్వు కూడా అయ్యలా మాట్లాడకు. హాస్టల్లో నా పక్కన కూర్చోడానికి ముక్కు మూసుకున్న వాళ్ళున్నారు. కొండదానివి నీకు దేవుడేంటే అని నవ్విన వాళ్ళున్నారు. ఇవాళ వాళ్ళ తమ్ముళ్ళు మన తల్లి బొమ్మ గుండెల మీద వేసుకుని తిరుగుతున్నారు. అది తప్పా?"

"ముక్కు మూసుకున్నా బావుణ్ణు. సెప్పులేసుకుని తోపులోకి రాకుండా ఉండీవోళ్ళు."

భాను కాసేపు చింతపిక్కలు ఏరుతూ కూర్చుంది. చిన్నప్పుడు ఏదన్నా అడగాలంటే అలాగే దగ్గరికి జరిగి కూర్చునేది. చిట్టెమ్మ అది కనిపెట్టింది.

"ఏటి కావాలో సెప్పీ బేగి," అంది.

"తర్వాత ఏమయ్యిందో నాకు తెలీదమ్మా. పండగకి ఎప్పుడూ హాస్టల్లోనే ఉండిపోయాను, అయ్య చెప్తుంటే ఒక్కసారీ వినలేదు. నువ్వు అక్కడిదాకే చెప్పావు. మలేరియా జ్వరం వచ్చినప్పుడు, అయ్య కొయ్యూరు పనికి పోయినప్పుడు. నేను నిద్రపోతే మళ్ళీ లేవనేమో అని భయపడి నన్ను ఒళ్ళో వేసుకుని చెప్పావు. ఆమె కాలెత్తింది అన్న దగ్గర నాకు నిద్ర పట్టేసింది. వచ్చే శుక్రవారం ఆ కాలు దించాలి. అందరికీ మాటిచ్చేశాం. అయ్య ఎలాగూ చెప్పడు. నువ్వు చెప్పు."

చిట్టెమ్మ సుత్తి అందుకుని ఇంకో పిక్క కొట్టింది.

"నువ్వు చెప్పింది అయ్య కథే కదా?"

ఆ పిల్ల ఏ ఉద్దేశం లేకుండానే అడిగింది. అక్కడ పుట్టిన ఏ పిల్లయినా అలాగే అనుకుంటుంది. బిడ్డకి తండ్రి ఇంటి కథే కథ. తల్లికి వేరే కథ ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఉంటుంది. గెడ్డకి అవతలి ఊరు చిట్టెమ్మ పుట్టిన ఊరు. ఇక్కడ భీముడికి ఎలాగో అక్కడ ఆమె అన్న ధర్మకి అలా పీట ఉంది. రెండూళ్ళ తల్లీ ఒక్కతే. కథ మొదలు కూడా ఒక్కటే, నిప్పుకుండా, గెడ్డా, దుంగా, ఎత్తిన కాలూ అన్నీ ఉంటాయి. తర్వాత ఇవతల చెప్పేది వేరు, అవతల చెప్పేది వేరు. పీట ఉన్న ఇంటి ఆడపిల్లకి పెళ్ళికి ముందు ఒక్కసారి కథంతా చెప్తారు. అత్తారింటికి పోయేటప్పుడు నడి గెడ్డలో ఆగి, నీళ్ళు పుక్కిలించి, పుట్టింటి వైపు తిరిగి ఉమ్మాలి. దాంతో పుట్టింటి కథ గెడ్డలో వదిలేసినట్టు. మళ్ళీ అది నోటెంట రాకూడదు.

చిట్టెమ్మ పుక్కిలించింది. అన్న చూస్తుండగానే ఉమ్మింది. కాని ఒళ్ళో బిడ్డ కాలిపోతూ కళ్ళు మూస్తుంటే, ఆ గూడెంలో పలికే దిక్కు లేక, ఆమె నోటికి వచ్చింది పుట్టింటి కథే. మొగుడి కథ ఆమె పండగనాడు దూరాన్నుంచి విన్నది. పుట్టింటిది తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. బిడ్డ నిద్రపోయాక కూడా ఆపకుండా చివరిదాకా గుసగుసగా చెప్పి ముగించింది. అప్పుడు తప్పు చేశాననుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. కాని ఇప్పుడా మాట పైకంటే మొగుడి మీద పడ్డ రాయి వెళ్ళి పుట్టింటి మీద పడుతుంది.

"అవును. మీ అయ్య కథే," అంది.

"మరి చివర?"

"నాకు తెల్దు."

భాను తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. "అబద్ధమాడుతున్నావు," అని లేచి లోపలికి పోయింది.

ఎండ వాలాక మంగ్లు వచ్చాడు. వెనక నలుగురైదుగురు పెద్దలు, వాళ్ళ వెనక ధర్మ. అన్నని చూసి చిట్టెమ్మకి ముందు సంతోషమే కలిగింది, తన తరఫున మాట్లాడటానికి వచ్చాడనుకుని. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఈ ఇంట్లో నీళ్ళు తాగను," అన్నాడు ధర్మ.

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. భీముడు అప్పటికే కొండ దిగి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. ఆ మాట విని కూడా కదల్లేదు.

మంగ్లు ముసలాడు. కంటి చూపు సరిగా ఆనదు గాని మాట స్పష్టంగా ఉంటుంది. "భీముడా, తోపు మైలపడ్డాది. నీ గుంట వల్ల పడ్డాది. పండగ ఆగదు, పీట కాళీగా ఉండకూడదు. గెడ్డవతల నుంచి ధర్మ వచ్చి ఈ ఏడు కూకుంటానన్నాడు. తరవాత సంగతి తరవాత."

"మా ఊరి పీట మీద అవతలి ఊరోడా?" అంది చిట్టెమ్మ.

"మీ ఊరేటి? నువ్వు ఆ ఊరు గుంటవి కాదేటే?" అన్నాడు ధర్మ.

"కాదు. నడి గెడ్డలో నువ్వే దగ్గరుండి కాకుండా సేసినావు."

"నోరు బాగా పెరిగినాది. మొగుడు మూగోడైతే పెళ్ళాం నోరు పెరుగుతాది." ధర్మ భీముడి వైపు తిరిగాడు. "ఏటి బావా, పలకవేటి? కూతుర్ని పట్నం పంపి సదివించినావు. అది తల్లిని తీసుకుపోయి బజార్న నిలబెట్టినాది. ఊరూరా సెప్పుకోడానికి నాకే సిగ్గుగా ఉన్నాది. గెడ్డలో దిగిన ఆ గుంటళ్ళ సొక్కాల మీద మా ఒడ్డు నుంచి నాను కళ్ళారా సూసేను. సంకన కుండెట్టుకుని, కాలెత్తుకుని, జుట్టు ఇరబోసుకుని..."

భీముడు తలెత్తాడు.

భీముడి కథలో తల్లి నిప్పుకుండని తల మీద పెట్టుకుని వస్తుంది. ఏటేటా వినే ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా అది తెలుసు. చంకన పెట్టుకుని వచ్చేది అవతలి ఊరి కథలో. ధర్మ కథలో.

భీముడు పెళ్ళాం వైపు చూశాడు. ఒక్కసారే చూసి చూపు తిప్పేసుకున్నాడు. తను ఇంట్లో లేని ఆ జ్వరం రాత్రి సంగతితో సహా అతనికి అంతా తెలిసిపోయిందని ఆ చూపుతో ఆమెకి తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. చొక్కా మీద బొమ్మ చూసినప్పుడే ధర్మకి ఇది ఎవరింటి కథో అర్థమైపోయింది. ఎవరి నోటి నుంచి జారిందో కూడా అర్థమైపోయింది. ఆ తప్పు గెడ్డ దాటి తన పీట మీదికి రాకముందే, గెడ్డ దాటి వచ్చి బావ పీట మీద కూర్చోబోతున్నాడు. పైగా నీళ్ళు తాగడట.

"సంకనా?" అన్నాడు మంగ్లు, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"తప్పు నాదే, మంగ్లు మావా," అన్నాడు భీముడు గబగబా. "గుంటకి జొరమొస్తే ఊరుకోబెట్టలేక నానే సెప్పేను. ఇంకేటీ అడక్కు. పీట తీసుకుపో."

"అయ్యా, నువ్వు కాదు కదా..." అంటూ గుమ్మంలోంచి అందుకుంది భాను.

"నువ్వు నోరుముయ్యి," అన్నాడు భీముడు. కూతురితో అతను అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

జ్వరం నాడు అతను ఇంట్లోనే లేడు. తనని కాయడానికే ఆ అబద్ధమాడాడు. ఇంకో ఆడదైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేదేమో, చిట్టెమ్మకి మాత్రం మొగుడి మీద పట్టరాని కోపం వచ్చింది. పీట లేకుండా అతను ఎలా బతుకుతాడు? ఇవాళ పెద్దమనిషిలా ఇచ్చేస్తాడు, రేపట్నుంచి గోడ మీద ఖాళీ జాగా చూస్తూ కూర్చుంటాడు. తను అతనికి అంబలి పోస్తూ, రోజూ ఆ మొహం చూస్తూ బతకాలి. పోనీ తనే చెప్పానని అరిస్తే? మొగుడి కోసం అబద్ధమాడుతోందంటారు. ధర్మ కానేకాదంటాడు. మాట ధర్మదే నెగ్గుతుంది.

ధర్మ అరుగు దగ్గరికి వెళ్ళి పీట ఎత్తడానికి వంగాడు.

చిట్టెమ్మ చెంబు కింద పెట్టి, అన్నకి ఎదురుగా, వాకిట్లో మట్టిలో కూర్చుంది. "పొద్దు పుట్టని నాడు," అంది. "పొయ్యి రాజని నాడు. అన్నలందరికీ ఒక్కతే సెల్లి."

అక్కడున్న వాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. అది భీముడి కథ మొదలయ్యే తీరు కాదు. ఏదైతేనేం, కథ మొదలైపోయింది. ఇంక అది ముగిసేదాకా విన్నవాడెవడూ ఆ చోటు వదిలిపోకూడదు.

"ఆపే," అన్నాడు ధర్మ. పీట చేతుల్లో ఉంది. "పండక్కి ముందు, పొద్దు గూకకుండానే, మొగుడి వాకిట్లో... నీకు పిచ్చెక్కినాదేటి? నోరు పుక్కిలించి వచ్చినావు కాదేటి?"

"పుక్కిలించేను. అయినా పోనేదు," అంది చిట్టెమ్మ. మళ్ళీ కథ గొంతులోకి వెళ్ళిపోయింది. "సెల్లి సంకన నిప్పుకుండ ఎత్తుకున్నాది."

అని ఆగింది. అక్కడ ఆగాలి. చెప్పేవాళ్ళ రక్తసంబంధీకులు ఎవరుంటే వాళ్ళు ఊ కొట్టాలి. మొగుడి ఊ చెల్లదు, ఊరి ఊ చెల్లదు. ఇంటివాడు ఎదుటే ఉండి ఊ కొట్టలేదంటే, ఆ కథని ఆ ఇల్లు వదులుకున్నట్టే. ఇంక ఆ ఇంటికి పీట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మంగ్లు తన ఆనని కళ్ళతో ధర్మ ఉన్న వైపే చూస్తున్నాడు. పెద్దలందరూ చూస్తున్నారు. ధర్మ మొహానికి చెమటలు పట్టాయి. ఊ అంటే చొక్కాల మీదికెక్కిన ఆ కథ తనింటిదని ఒప్పుకున్నట్టు. అనకపోతే తండ్రినీ తాతనీ ఈ వాకిట్లో పారేసినట్టు. చిట్టెమ్మ తొందరపెట్టలేదు. అన్న కళ్ళల్లోకి చూస్తూ కూర్చుంది.

"ఊ," అన్నాడు ధర్మ.

నోట్లో నోట్లో అన్నాడు. అయినా అందరూ విన్నారు. మంగ్లు తడుముకుంటూ వచ్చి ధర్మ చేతుల్లోంచి పీట తీసుకుని, భీముడి ముందు నేల మీద పెట్టాడు. కథ నడుస్తుండగా మాట్లాడకూడదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. భీముడు పీటకేసి చూళ్ళేదు, పెళ్ళాంకేసి చూస్తున్నాడు.

ఇంక పుట్టింటి గడప తనకి లేదని చిట్టెమ్మకి తెలుసు. ధర్మ చచ్చినా కబురు పంపరు, తను చచ్చినా అతను రాడు. ఆ ఏడుపు తర్వాత ఏడవచ్చనుకుని కథ నడిపించింది. చెల్లి కొండ దిగింది, ధర్మ ఊ అన్నాడు. చెల్లి అడవి దాటింది, ధర్మ ఊ అన్నాడు. చెల్లి గెడ్డ దగ్గరికి వచ్చింది. అవతలి ఒడ్డున అన్నలు నిలబడ్డారు. మధ్యలో దుంగ ఉంది.

"సెల్లి కాలెత్తినాది," అంది చిట్టెమ్మ.

"ఊ."

అప్పుడు ఆమె చూపు గుమ్మం వైపు పోయింది. భాను ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు, భయపడటం లేదు. తల్లి ఒక్కో మాట అనగానే ఆ పిల్ల పెదాలు చప్పుడు లేకుండా అదే మాటని అనుకుంటున్నాయి. చిన్నప్పుడు హాస్టల్నుంచి వచ్చి పద్యాలు బట్టీ పట్టేది, సరిగ్గా అలాగే. ఆ జ్వరం రాత్రి నిద్రలోకి జారిపోయిన కళ్ళు ఇప్పుడు రెప్ప వెయ్యడం లేదు.

ఇక్కణ్ణుంచి వచ్చేది తన పుట్టింటి మగవాళ్ళు తరతరాలుగా తల దించుకుని, ఏడుస్తూ చెప్పే ముక్క. శుక్రవారానికి అది చొక్కాలేసుకున్న కుర్రాళ్ళందరి నోట్లో ఉంటుంది. వాళ్ళు వాదించుకుంటారు, ఆ వేషాలేసుకుని ఆడుకుంటారు. కూతుర్ని లోపలికి పొమ్మనాలంటే కథ ఆపాలి. కథ ఆపితే మొగుడి పీట సగంలో, తల్లి కాలు గాల్లో.

ధర్మ కూడా భానుని చూశాడు. చెల్లెలి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. వద్దన్నాడు. వచ్చినప్పుడు ఎంత అహంకారంగా మాట్లాడాడో అంత దీనంగా ఉంది ఆ మొహం. ఒకసారి ఊ కొట్టాక వద్దనే హక్కు అతనికీ లేదు.

"భానూ," అని పిలవాలనుకుంది చిట్టెమ్మ. పిలవలేదు. కూతురి పెదాల వైపే చూస్తూ, ఆ పిల్లకి ప్రతి మాటా స్పష్టంగా వినపడేంత గట్టిగా చెప్పింది.

"సెల్లి దుంగ మీద కాలెట్టినాది. అన్నలందరూ కలిసి ఆ దుంగని లాగీసినారు."

ఈసారి ధర్మ ఊ కొట్టలేదు. గుమ్మంలోంచి, చాలా మెల్లగా, భాను అంది.

"ఊ."